కలుపుకూర వేలంపాట

యేసురాజుకి మొక్కల మీద ప్రేమ పుట్టింది భక్తివల్ల కాదు, చదువువల్ల అంతకన్నా కాదు. షుగర్‌వల్ల.

రోజూ నడవమన్నాడు డాక్టరు. అల్వాల్‌లో రోడ్డు పక్కన నడిచేవాడు ఆకాశం చూస్తూ నడవలేడు. ఎక్కడ మ్యాన్‌హోల్ మూత లేచి ఉందో, ఎక్కడ కేబుల్ కోసం తవ్వి వదిలేశారో కనిపెట్టుకుంటూ తల దించుకుని నడవాలి. అలా తల దించుకున్న మనిషికి కనబడేవి రెండే. ఒకటి చెత్త, రెండోది కలుపు మొక్కలు. చెత్తతో స్నేహం చెయ్యడం కష్టం కనుక యేసురాజు రెండోదాన్ని ఎంచుకున్నాడు.

ఫోన్‌లో ఒక యాప్ దించుకున్నాడు. మొక్కని ఫొటో తీస్తే అది పేరు చెబుతుంది. మొదట్లో దాన్ని అడిగి తెలుసుకున్నాడు. కొన్నాళ్ళకి దానితో వాదించాడు. ఆ తర్వాత దాని అవసరమే లేదనుకున్నాడు. ఎవరి గుమ్మం ముందు నిలబడినా, "ఇది పిచ్చిమొక్క కాదండీ, నేల ఉసిరి. ఆకు తిరగేసి చూడండి, కింద వరసగా కాయలుంటాయి" అని మొదలుపెట్టేవాడు. ప్యాంటుకి పట్టుకున్న ఉత్తరేణి గింజల్ని ఆఫీసులో ఒక్కొక్కటీ పీకి, బల్ల మీద పెట్టి, పక్క సీట్లవాళ్ళకి పాఠం చెప్పేవాడు. వాళ్ళు ఒక్కొక్కరే టీకని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఈ సెక్షన్‌లో అందరికీ టీ అంటే ఇంత ఇష్టమా అని ఆశ్చర్యపోయేవాడు తను.

చర్చిలో అతనికి 'కలుపు బ్రదర్' అని పేరు స్థిరపడింది. అది గౌరవమని చాలా రోజులు నమ్మాడు.

ఆ గౌరవం నిలబెట్టుకోవడానికి వీడియోలు కూడా చేశాడు. అన్నిటిలోకీ ఎక్కువమంది చూసింది, అంటే మేబెల్ వైపు చుట్టాలందరినీ కలిపి లెక్కేస్తే, గంగవాయిలి కూర మీద చేసిన వీడియో. చర్చి గేటు పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. గంగవాయిలి నేలమీద పాకుతుంది. కాడ ఎర్రగా నున్నగా, ఆకు దళసరిగా ఉంటుంది. పప్పులో వేస్తే పుల్లపుల్లగా కమ్మగా ఉంటుంది. దాని పక్కనే, ఎర్ర కాడతో, అలాగే నేలకి అంటుకుని నానబాలు అని ఇంకో మొక్క పెరుగుతుంది. దాన్ని కూర వండుకుంటే కడుపు పట్టుకుని పరుగెత్తాలి. మరి తేడా ఎలా తెలుస్తుంది? "తుంచండి! తెల్లగా పాలు కారితే పారెయ్యండి. ఇంత చిన్న పరీక్ష చెయ్యలేనివాళ్ళు దయచేసి ఆకుకూరల జోలికి పోకండి" అన్నాడు వేలు పైకెత్తి. ఫోన్ పట్టుకుని తీస్తున్న భార్య "చెయ్యి లాగుతోందండీ" అన్న మాట కూడా ఆ వీడియోలో ఉంది.

మేబెల్ బడిలో లెక్కల టీచరు. కాకినాడ మనిషి. మొగుడి పిచ్చి షుగర్ తగ్గిస్తోంది కదా అని ఊరుకుంది.

ఇంతకీ యేసురాజు ప్రాణమంతా చర్చి వెనక ఉన్న ఖాళీ జాగాలో ఉంది. ఎప్పుడో కట్టి పడగొట్టిన షెడ్డు తాలూకు జాగా అది. ఇప్పుడక్కడ గడ్డి చామంతి పూస్తుంది, పులిచింత పాకుతుంది, కుప్పింటాకు కోసం వీధిలోని పిల్లులన్నీ వస్తాయి. దాన్ని అలాగే ఉంచి, ప్రతి మొక్క పక్కనా పేరు రాసిన చిన్న చెక్క పాతి, సండే స్కూల్ పిల్లలకి చూపించాలని అతని కోరిక. ఈ ఊళ్ళో మట్టి కనబడే చోటు రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇదొక్కటీ మిగిలితే చాలనుకున్నాడు.

దానికి అడ్డు డేవిడ్ రాజు. సంఘ కమిటీ ట్రెజరర్. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. నాన్నది గుడివాడైనా, తను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లోనే. ఈమధ్య పెద్ద కారు కొన్నాడు. ఆదివారం ఆరాధనకి వస్తే దాన్ని రోడ్డుమీద పెట్టాలి. కారు మీద ఎవరైనా గీత గీస్తారేమోనని ప్రసంగం మధ్యలో లేచి కిటికీలోంచి చూసి వస్తుంటాడు.

"తమ్ముడూ, గడ్డి కోసం గింత పరేషాన్ ఏందయ్యా నీకు?" అన్నాడు కమిటీలో. "టైల్స్ పరిచేస్తే మంచిగ కార్లు పెట్టుకోవచ్చు. పిల్లలకి పాములు, తేళ్ళ భయం సుత ఉండదు."

"అన్నయ్యా, అది గడ్డి కాదు. అందులో కూరాకు ఉంది, మందాకు ఉంది."

"ఉంటే వండుకొని తీసుకరా. తిని చెప్తం."

కోత పండుగ ఆదివారం సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుని ఓటు వేయాలని తీర్మానమైంది. టైల్సా, మొక్కలా, ఆ రోజు తేలిపోతుంది.

తీసుకరా అన్న మాట యేసురాజు చెవిలో ఉండిపోయింది. కోత పండుగకి సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి కానుకగా తెస్తారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడి, కేకు, చేతనైన వంటకం, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ వేలం పాడతారు. ఆ జాగాలో పెరిగిన గంగవాయిలితోనే పప్పు వండి, నిండు గిన్నె వేలానికి పెడితే? తిన్న నోరు టైల్స్ అనగలదా? పథకం అద్భుతంగా ఉందనిపించింది. తనకి అద్భుతంగా తోచిన పథకాలు ఇంతకుముందు ఏమయ్యాయో ఆ క్షణంలో గుర్తు రాలేదు.

శనివారం ఆఫీసు నుంచి తిన్నగా చర్చికి వెళ్ళాడు. మబ్బు పట్టి ఉంది. కళ్ళజోడు బండి డిక్కీలో ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కానీ అప్పటికే కూర్చున్నాడు, మళ్ళీ లేవాలంటే నడుముతో మాట్లాడాలి. అయినా ఈ మొక్కలు తెలుసుకోవడానికి నాకు కళ్ళెందుకు, వేళ్ళు చాలవా అనుకున్నాడు. చినుకులు మొదలయ్యాయి. కోత పండుగకి సగం గిన్నె తెచ్చినవాణ్ని సంఘం జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది కనుక, ఎర్రకాడ తగిలిన ప్రతిదాన్నీ గుప్పెళ్ళతో పీకి సంచీ నింపాడు. ఒక్కటీ తుంచి చూడలేదు. పాఠం చెప్పేవాడికి పరీక్ష ఎందుకు?

ఇంట్లో సంచీ అందుకుంటూ మేబెల్ లోపలికి తొంగి చూసింది.

"ఇవన్నీ పాయలకూరేనంటారా?" అంది. కాకినాడవాళ్ళకి గంగవాయిలి అంటే పాయలకూరే.

"నన్నడుగుతున్నావా?" అన్నాడు యేసురాజు.

"లెండి, లెండి. స్నానం చేసి పడుకోండి. వంట సంగతి నేను చూసుకుంటాను."

పొద్దున్న లేచేసరికి పెద్ద స్టీలు గిన్నె నిండా పప్పు, పైన వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. యేసురాజు చెంచాతో కాస్త తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"చూశావా మేబెల్, ఆ పులుపు! అది అడవి పులుపు. ఎరువులేసి పెంచిన ఆకులకి ఈ రుచి చచ్చినా రాదు. నాలుక మీద మట్టి వాసన తెలుస్తోంది."

మేబెల్ గట్టిగా దగ్గి, గిన్నె మీద మూత పెట్టింది.

ఆ రోజు ప్రసంగానికి రాజమండ్రి నుంచి ఒక పెద్ద అయ్యగారు వచ్చారు. సృష్టి మొదలుకుని ఒక్కరినీ వదలకుండా అందర్నీ పలకరించుకుంటూ పోయే ప్రసంగం ఆయనది. నడుమ ఎక్కడో, "మా ఇంట్లో ఆకుకూర లేనిదే నాకు ముద్ద దిగదు" అన్నారు. యేసురాజు నిటారుగా కూర్చున్నాడు. ఇది దేవుడి సంకేతం కాకపోతే మరేమిటి?

వేలంలో అరటిగెలలు పోయాయి, కోళ్ళు అరుచుకుంటూ పోయాయి. యేసురాజు గిన్నె బల్లమీదికి వచ్చింది.

"కలుపు బ్రదర్ గారి గంగవాయిలి పప్పు! మన చర్చి వెనక పండిన పంట!" అని కేకేశాడు వేలం వేసే పెద్దమనిషి. అందరూ నవ్వారు.

సండే స్కూల్ టీచరు బ్యూలా సరదాగా పాట మొదలుపెట్టింది. ఆమెకి పోటీగా వెనక బెంచీల్లోంచి ఒక గొంతు లేచింది. యేసురాజు తిరిగి చూశాడు. డేవిడ్ రాజు! బ్యూలా ఒక మెట్టు ఎక్కితే ఆయన రెండు ఎక్కాడు. చివరికి గిన్నె ఆయన చేతికే వెళ్ళింది.

"అయ్యగారు ఇయ్యాల మా ఇంట్ల భోజనం. ఆకుకూరంటే పానమంట ఆయనకి. లేకపోతే నీ గడ్డి నాకెందుకు తమ్ముడూ?" అని చెప్పి, గిన్నెని కొత్త కారులో ముందు సీట్లో పెట్టుకుని, అయ్యగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కాప్రా వైపు వెళ్ళిపోయాడు డేవిడ్ రాజు.

యేసురాజుకి రెక్కలొచ్చాయి. శత్రువు తన డబ్బుతో కొనుక్కుని, తన నోటితో తిని, నాలుగింటికి ఓటెయ్యడానికి వస్తున్నాడు! ప్రేమ విందుకి అందరూ హాలులోకి వెళుతుంటే బ్యూలానీ, ఇంకో నలుగురు ఆడవాళ్ళనీ ఆపాడు. "రండమ్మా, అన్నం ఎక్కడికీ పోదు. మీరు పాడిన పంట చూద్దురు గాని" అని వెనక జాగాకి తీసుకెళ్ళాడు. తను నిన్న కోసిన మూలకే తీసుకెళ్ళాడు. గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఎర్రకాడ ఒకటి పైకి పట్టుకున్నాడు.

"ఇదీ గంగవాయిలి. చాలామంది దీన్ని చూసి నానబాలు అనుకుంటారు, నానబాలుని చూసి ఇదనుకుంటారు. తేడా ఒక్క క్షణంలో చెప్పచ్చు. ఇదిగో, తుంచుతున్నాను. చూడండి, పాలు రావు."

తుంచాడు.

కాడ చివర తెల్లటి బొట్టు ఒకటి ఉబ్బి, నిలబడి, అతని బొటనవేలి మీదికి జారింది.

"అన్నా, పాలొచ్చినయి కదా?" అంది బ్యూలా.

"ఇది... ఇదొక్కటి కలిసినట్టుంది." ఇంకోటి తుంచాడు. పాలు. మరోటి. పాలు. చెయ్యి చాచి అందినంత దూరం తుంచాడు.

"ఏందన్నా గిది? ఈడ డెయిరీ పెట్టినవా?"

ఆడవాళ్ళు నవ్వుతున్నారు. యేసురాజు నవ్వడం లేదు. నిన్న తను పీకిన చోట మిగిలిన మొదళ్ళు కనబడుతున్నాయి. వాటి చివర్ల తెల్లగా గడ్డకట్టిన చుక్కలు. తల తిప్పి చూస్తే అవతలి గోడ కింద, చెయ్యి పడకుండా, బొద్దుగా, నిగనిగలాడుతూ పాకి ఉంది అసలు గంగవాయిలి. సంచీ నింపిన మూలేమో అంతా నానబాలు.

కాప్రాలో ఒక డైనింగ్ టేబుల్ మీద గిన్నెడు నానబాలు వెల్లుల్లి పోపుతో ఎదురుచూస్తోంది. రాజమండ్రి అయ్యగారికి ఆకుకూర లేనిదే ముద్ద దిగదు. సాయంత్రం ఆయనకి ఇంకో కూడికలో ప్రసంగం ఉంది.

"అర్జెంటు పని" అని చెప్పి యేసురాజు బండి దగ్గరికి పరుగెత్తాడు. పరుగెడుతూనే డేవిడ్ రాజుకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆరాధనలో సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌ని ఆయన సోమవారం దాకా చూడడని అందరికీ తెలుసు. ఆయన భార్య గ్లోరియా వదిన నంబరు తన దగ్గర లేదు. మేబెల్ దగ్గర ఉంటుంది. మేబెల్ హాల్లో వడ్డిస్తోంది. అడగాలన్న ఆలోచన వచ్చింది. వచ్చినంత వేగంగా దాన్ని పంపించేశాడు. ఆ వీడియో తీయడానికి ఫోన్ పట్టుకున్న మనిషికి ఈ సంగతి చెప్పడమా? దానికన్నా ఆ పప్పు తనే తినడం నయం.

బండి స్టార్ట్ చేశాడు.

లోతుకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలోచించాడు. నిజం చెప్పచ్చు. చెప్పిన మరుక్షణం జాగా పోతుంది. పిల్లలు ఆడుకునే చోట విషపు మొక్కలు, వాటిని చూపిస్తానన్నవాడికే అవి తెలియవు, ఇంకేం కావాలి టైల్స్ పార్టీకి? కనుక నిజం వద్దు. గిన్నె వెనక్కి వస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియక్కరలేదు. పప్పులో బల్లి పడిందని చెబితే? ఛ, మేబెల్ వంటింటి మీద అపవాదు. అది తెలిస్తే నానబాలు తిన్నవాళ్ళు బతుకుతారు గాని తను బతకడు. గిన్నె మారిపోయిందని చెబితే? ఏ గిన్నెతో? చెయ్యి తగిలి ఒలికిపోయినట్టు చేస్తే? ఆ పథకం బాగుంది.

రైల్వే గేటు పడి ఉంది. అవతల్నించి గూడ్సు బండి ఒకటి, బద్ధకంగా, తనకి ఏ పనీ లేదన్నట్టు వెళుతోంది. యేసురాజు హ్యాండిల్ మీద తల వాల్చి, దేవుడా, అయ్యగారికి ఆకలి కాస్త ఆలస్యంగా కలిగించు అని ప్రార్థించాడు. పక్క ఆటోవాడు తొంగి చూసి, "ఏమైంది సార్, తబియత్ బాగలేదా?" అన్నాడు.

"నాది బాగానే ఉంది" అన్నాడు యేసురాజు.

యాప్రాల్ దాటి కాప్రా చేరాడు. డేవిడ్ రాజు ఇంటి గుమ్మం బార్లా తెరిచి ఉంది. లోపల మాటలు వినబడలేదు. ఒక్క గొంతు మాత్రం వినబడింది. భోజనం ముందు ప్రార్థన! అయ్యగారు చేస్తున్నారు!

యేసురాజు చెప్పులు విప్పి లోపలికి తొంగి చూశాడు. టేబుల్ చుట్టూ ముగ్గురూ చేతులు జోడించి, తలలు వంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. టేబుల్ నడుమ, కోడికూరకీ అన్నానికీ మధ్య, మూత తీసిన తన స్టీలు గిన్నె. ప్రార్థన అప్పుడే నోవహు ఓడ దగ్గరికి వచ్చింది. పొద్దున్న ప్రసంగం విన్నవాడు కనుక యేసురాజు లెక్క వేసుకున్నాడు. నోవహు తరవాత అబ్రహాము, ఇస్సాకు, యాకోబు, యోసేపు, మోషే. పన్నెండు గోత్రాలు. చాలా సమయం ఉంది.

మునివేళ్ళ మీద నడిచాడు. ప్రార్థన చేసుకుంటున్నవాళ్ళ ముందు నుంచి దొంగతనం చేయడం తప్పా ఒప్పా అని మనసులో ఎవరో అడిగారు. ప్రాణాలు కాపాడటానికే కదా అని వాళ్ళ నోరు మూయించాడు. గ్లోరియా భుజం మీదుగా చెయ్యి చాచాడు. గిన్నె అంచు దొరికింది. వేడిగా ఉంది. పళ్ళు బిగించి పైకి లేపాడు. చెంచా టింగుమంది. ఎవరూ కదలలేదు. అయ్యగారు అబ్రహాముని గుడారం లోంచి పిలుస్తున్నారు. యేసురాజు గిన్నెతో వెనక్కి తిరిగాడు. ఒక అడుగు. రెండో అడుగు.

కోడికూర ఘుమఘుమ ఆయన్ని కూడా చేరినట్టుంది. అబ్రహాము దగ్గర్నించి ఒక్క గంతులో అయ్యగారు, "నీ నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్" అనేశారు.

"ఆమెన్" అన్నాడు డేవిడ్ రాజు కళ్ళు తెరుస్తూ. తర్వాత, "ఏందిది?" అన్నాడు.

"ఆమెన్" అన్నాడు యేసురాజు కూడా.

"యేసూ! వేలంల అమ్మిన పప్పుని ఇంటికొచ్చి ఎత్తుకపోతున్నవా?"

"లేదన్నయ్యా. వడ్డిద్దామని."

"గుమ్మం దిక్కు తిరిగి ఎవరికి వడ్డిస్తున్నవ్?"

"ఊరుకోండి, భోజనం వేళ వచ్చిన మనిషిని" అంది గ్లోరియా. "కూర్చోండి బ్రదర్, ప్లేటు తెస్తాను."

"వేడి చేసుకొస్తా వదినా."

"ఇప్పుడే దించాను. పొగలొస్తున్నాయి చూడండి."

ఒలకబొయ్యాలి. ఇదే సమయం. యేసురాజు కిందికి చూశాడు. కింద తెల్లటి కొత్త తివాచీ. దాని మీద పసుపుపచ్చ పప్పు. ఆ తివాచీ ఖరీదు ఎంతో గాని, గ్లోరియా దాన్ని సంఘంలో అందరికీ ఫొటోలు పంపి చూపించింది. ఇంతలో రాజమండ్రి అయ్యగారు రెండు చేతులతో ప్లేటు ముందుకి చాపి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ, "ఇటు వెయ్యి నాయనా, కొంచెం ఎక్కువే వెయ్యి" అన్నారు.

చెంచా ఆ ప్లేటు పైదాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. చర్చి వెనక జాగా ఒక్కసారి కళ్ళ ముందు కదిలింది. దాని మీద టైల్స్ ఒకటొకటిగా పరుచుకుంటూ వచ్చాయి.

"తినకండి అయ్యగారూ" అన్నాడు యేసురాజు. "ఇది గంగవాయిలి కాదు. నానబాలు. తింటే కడుపు చెడుతుంది. కళ్ళజోడు లేకుండా కోశాను. తుంచి చూడలేదు. వీడియోలో ఊరందరికీ చెప్పాను, నేను మాత్రం చెయ్యలేదు."

డేవిడ్ రాజు ముఖం మెల్లగా విచ్చుకుంది. యేసురాజుకి తిట్లయినా బాగుండేవనిపించింది.

"అంటే తమ్ముడూ, భేదుల మందు నాకు వేలంల అంటగట్టినవ్."

"అయ్యో దేవుడా!" గ్లోరియా కుర్చీలోంచి లేచింది. "వేడి చేసేటప్పుడు నేను రుచి చూశానండీ! రెండు చెంచాలు తిన్నాను! బాగుందని మళ్ళీ ఒకటి తిన్నాను!" ఆమె పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో మేబెల్‌కి ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది. "మేబెల్! ఆ పప్పులో ఏం వేశావమ్మా?"

"పాలకూర అక్కా" అంది మేబెల్ గొంతు. వెనక ప్రేమ విందు గిన్నెల చప్పుడు. "పులుపెక్కువైందా? చింతపండు కాస్త ఎక్కువే పడింది."

"పాలకూరా?" అన్నాడు యేసురాజు.

"మీరక్కడ ఏం చేస్తున్నారు?" అని ఆగింది మేబెల్. "సంచీ తెరవగానే అనుమానం వచ్చింది. నాలుగు కాడలు తుంచాను, నాలుగింటికీ పాలే. సంచీతో సహా చెత్తబండిలో వేయించి, సందు చివర బండి మీద పాలకూర కట్టలు తెప్పించాను."

"మరి పొద్దున్న చెప్పొద్దూ?"

"చెబుదామనే వచ్చాను. మీరేమో చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అడవి పులుపు, మట్టి వాసన అంటున్నారు. అంత ఆనందంలో ఉన్న మనిషికి అది పాలకూరని ఎలా చెప్పనండీ? పెట్టేస్తున్నా, ఇక్కడ సాంబారుకి లైను కట్టారు."

ఫోన్ పెట్టేసింది. గ్లోరియా పొట్ట మీంచి చెయ్యి తీసింది. డేవిడ్ రాజు టేబుల్ మీద తల పెట్టి నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అయితే వడ్డించవచ్చునా?" అన్నారు అయ్యగారు.

యేసురాజు వడ్డించాడు. గ్లోరియా బలవంతం మీద తనూ కూర్చుని తిన్నాడు. ఎంత వెతికినా అందులో ఒక్క అడవి కూడా దొరకలేదు. మంచి పాలకూర పప్పు.

నాలుగింటికి కమిటీలో జరిగిందంతా డేవిడ్ రాజు లేచి నిలబడి చెప్పాడు. చెప్పడమా, ఆడి చూపించాడు. మునివేళ్ళ మీద నడిచాడు, హాజరు పట్టీని గిన్నెలా పట్టుకుని వెనక్కి తిరిగాడు, గుమ్మం వైపు వడ్డించాడు. పెద్దలు కళ్ళు తుడుచుకున్నారు. అందరికన్నా చివర యేసురాజుని మాట్లాడమన్నారు.

"అన్నయ్య చెప్పిందంతా నిజమే" అన్నాడతను. "ఆ జాగాలో కూరాకూ ఉంది, తినకూడనిదీ ఉంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తెలుసుననుకున్న నేనే పొరబడ్డాను. రేపు ఏ పిల్లాడైనా పొరబడకుండా ఉండాలంటే రెండూ పక్కపక్కన కనబడాలి. టైల్స్ వేస్తే రెండూ పోతాయి. ఆపైన మీ ఇష్టం."

టైల్స్‌కి ఒప్పుకున్నవాళ్ళని చేతులెత్తమన్నారు. కొన్ని చేతులు లేచాయి. మొక్కలకి ఎత్తమన్నారు. సరిగ్గా అన్నే లేచాయి. ఒక్క ఓటు మిగిలింది. అందరూ ట్రెజరర్ వైపు తిరిగారు. యేసురాజు నేలవైపు చూస్తున్నాడు. నేల మీద మొజాయిక్.

"మొక్కలకే" అన్నాడు డేవిడ్ రాజు.

"ఏమన్నారు?"

"మొక్కలుండనీయండి. అట్ల చూస్తరేంది? వినండి. ఏడాది సంది ఈ మనిషి మా ఇంటికొచ్చుడు, నేను పెంచుకున్న ప్రతి చెట్టు దగ్గర ఆగుడు, 'అన్నయ్యా, దాని పేరు అది కాదు' అనుడు. నర్సరీవాడు చెప్పింది తప్పు, నేను చెప్పింది తప్పు, మా గ్లోరియా చెప్పింది తప్పు. ఇయ్యాల ఫస్ట్ టైమ్ ఈయన తప్పు చేసిండు. నా పానానికి ఎంత హాయిగుందో మీకు చెప్పలేను. టైల్స్ ఏసేస్తే ఇంక ఈయన తప్పులు ఎట్ల బయటపడ్తయి? కారు రోడ్డుమీదనే ఉండనీ." ఊపిరి తీసుకుని వేలెత్తాడు. "కానీ ఒక షరతు. ఏ మొక్కకి పేరు చెక్క పాతాలన్నా ముందు నేను చూడాలి. నేను ఓకే అంటేనే పాతుడు."

"నీకు మొక్కల గురించి ఏం తెలుసు డేవిడ్?" అన్నారు పాస్టరు గారు.

"ఏం తెల్వదు. గా యాప్ ఏందో ఇప్పుడే దింపిన." ఫోన్ పైకెత్తి చూపించాడు. "నడువు తమ్ముడూ."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వెలుతురు ఉండంగనే."

మినిట్స్ మీద సంతకాలైనా కాకముందే యేసురాజుని భుజం పట్టి లేవదీశాడు. చర్చి వెనక ఎండ ఏటవాలుగా పడుతోంది. డేవిడ్ రాజు మొదట గోడవారగా ఉన్న పొడుగాటి మొక్క దగ్గర ఆగాడు. దాని ఆకులు చీలికలుగా, తెల్లటి చిన్న పూలు గుత్తులుగా ఉన్నాయి.

"గిదేంది?"

"వయ్యారిభామ. దీన్ని మాత్రం పీకెయ్యాలి అన్నయ్యా. ముట్టుకోకు, దురద పెడుతుంది. పుప్పొడికి తుమ్ములొస్తాయి."

డేవిడ్ రాజు అప్పటికే ముట్టుకున్నాడు. ఫోన్‌తో ఫొటో తీశాడు, తెర చూశాడు, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "కరెక్టే" అన్నాడు అయిష్టంగా. గట్టిగా తుమ్మి, రెండడుగులు వేసి, బూటు చివరతో ఇంకోదాన్ని చూపించాడు. పసుపు పువ్వు, నూగు ఆకు, నేలబారు మొక్క. "మరి గిది?"

యేసురాజు వంగాడు. ఆకు తిరగేశాడు. కాడ తుంచాడు, వాసన చూశాడు. నోట్లోకి ఒక పేరు వచ్చింది. గొప్ప పేరు, ఎవరూ కాదనలేనంత గంభీరంగా ఉంది. పెదవుల దాకా వచ్చి నిలబడింది. దాన్ని మింగేశాడు.

"తెలియదు అన్నయ్యా."

డేవిడ్ రాజు ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి, కిటికీలోంచి చూస్తున్న కమిటీ అంతటికీ వినబడేలా కేకేశాడు. "తెల్వదంట!"

ఆ తర్వాత ఎర్రబడుతున్న చేతిని గోక్కుంటూ, యేసురాజు పక్కనే నేలమీద చతికిలబడి, ఫోన్ అతనికి అందించాడు. "గిందులో ఫొటో క్లియర్‌గ ఎట్ల తీస్తరో జెర చూపించు."